ముక్క పరీక్ష రిపోర్టు లేకుండా గర్భసంచి తీయించుకోకండి

రక్తస్రావం ఎక్కువైందని గర్భసంచి తీసేశాక ల్యాబ్ కాగితంలో క్యాన్సర్ అని పడితే ఏం చేస్తారు? విశాఖలోనూ అలాంటి కేసులు బయటపడుతుంటాయి. ముక్క పరీక్షతో (గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం, అంటే బయాప్సీ) ముందే తెలిసుంటే ఆపరేషనే వేరుగా ఉండేది: గొట్టాలు, అండాశయాలు కూడా తీసేవారు, లింఫ్ గ్రంథులు చూసేవారు, సంచిని కడుపులో ముక్కలు చేసేవారు కాదు. జగదాంబ సెంటర్ దగ్గర స్కాన్ తీయించుకుని, వారం తిరక్కుండా ఆపరేషన్ బల్ల ఎక్కేసేవాళ్లకే ఈ గతి.

స్కాన్ ఆ లోపలి పొర మందం చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. ముట్లుడిగి ఏడాది దాటాక రక్తం కనబడినవాళ్లకి కింది నుంచి చేసే స్కాన్‌లో పొర 4 మి.మీ. లోపుంటే క్యాన్సర్ అవకాశం బాగా తక్కువ. మళ్లీ రక్తపు మరక కనబడిందా, ఆ లెక్క చెల్లదు, ముక్క తీయాల్సిందే. నెలసరి వస్తున్నవాళ్లకి ఆ కొలతే వర్తించదు. నెలాఖరుకి ఆరోగ్యమైన పొర కూడా 10 మి.మీ. దాటుతుంది. అందుకే ఆ నెల ముట్టు రక్తం ఆగిన వెంటనే స్కాన్ తీయించుకోండి.

సన్న గొట్టంతో 5-10 మి.లీ. సెలైన్ ఎక్కించి స్కాన్ చేస్తే గోడలు విడిపోయి, నీళ్లలో వేలాడుతున్న పాలిప్ (పొర మీద పెరిగిన చిన్న కండ) తెలుస్తుంది. పిపెల్ అనే 3 మి.మీ. గొట్టంతో ఓపీలోనే, మత్తు లేకుండా ముక్క తీస్తారు. పొరంతా పాకిన జబ్బు దానికి దొరుకుతుంది, మూలనున్న పాలిప్ తప్పించుకుంటుంది. డి అండ్ సి (గర్భముఖం వెడల్పు చేసి పొర గోకి తీయడం) మత్తిచ్చి చేసినా చీకట్లో గోకడమే. హిస్టెరోస్కోపీలో మాత్రం కెమెరాతో చూస్తూ, అనుమానమున్నచోటే తీస్తారు.

'శాంపిల్ చాలలేదు' అంటే నార్మల్ అని కాదు.

పిల్లలు పుట్టే వయసైతే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు. రక్తస్రావం తేడాగా ఉండి 45 దాటితే ముక్క పరీక్ష. ఆలోపైనా అధిక బరువో, పీసీఓడీయో (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నా, మందులకి తగ్గకపోయినా ముక్క పరీక్షే. పాప్ స్మియర్ పరీక్ష గర్భముఖానికి, లోపలి పొరకి కాదు. టామాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ మందు), రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. హార్మోన్ మాత్రలు మొదలెట్టుంటే ల్యాబ్ చీటీలో రాయించండి, పొర రూపే మారిపోతుంది. ముక్క ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవం) వేయాలి, సెలైన్‌లో కాదు. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిస్తే ఓపీ కోసం ఆగకండి, విశాఖలోని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఘోషాసుపత్రికో వెళ్లిపోండి. ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. తీసిన సంచిని కూడా ల్యాబ్‌కి పంపారో లేదో అడగండి.