రిలీజ్‌కి ముందు రోజు: బ్రౌజర్‌కీ జావా సర్వర్‌కీ మధ్య డేటా విషయంలో జాగ్రత్తలు

ఫ్రంటెండ్ జావాస్క్రిప్ట్‌లో, సర్వర్ జావాలో ఉన్న ప్రాజెక్టు రిలీజ్‌కి వెళ్తోందంటే, ముందు రోజు ఒక గంట దీనికోసం పక్కన పెట్టండి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో అటూ ఇటూ వెళ్తున్న జేసన్‌ని (డేటాని టెక్స్ట్‌గా రాసి పంపే పద్ధతి) కళ్లారా చదవండి. జావా క్లాసు చూసి ‘ఇదే వెళ్తుందిలే’ అనుకోవద్దు.

మొట్టమొదట ఐడీలు. దీనివల్ల మా టీమ్ రెండు రోజులు నానా టెన్షన్ పడింది. కస్టమర్ తన ఆర్డర్ మీద నొక్కితే ‘ఆర్డర్ లేదు’ అని వస్తోంది, డేటాబేస్‌లో చూస్తే ఉంది. సర్వర్ లాగ్‌లన్నీ తిరగేశాం. చివరికి నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెస్పాన్స్ ఒకసారి, ప్రివ్యూ ఒకసారి చూస్తే దొరికింది. అదే ఐడీ, కానీ రెండు చోట్లా చివరి అంకెలు వేరు. జావాలో లాంగ్ అనే పూర్ణాంక టైపు 19 అంకెల సంఖ్యని కూడా మోస్తుంది. జావాస్క్రిప్ట్ నంబర్ మాత్రం 9007199254740991 వరకే లెక్క తప్పదు. ఆ పైన 9007199254740993 వస్తే దాన్ని 9007199254740992గా చదువుకుంటుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. టెస్టింగ్‌లో ఐడీలు 1, 2, 3 అని ఉంటాయి కాబట్టి అక్కడ బయటపడదు. అందుకే పెద్ద ఐడీలని స్ట్రింగ్‌గానే పంపండి. జాక్సన్ (జావా ఆబ్జెక్టులని జేసన్‌గా, జేసన్‌ని ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) వాడుతుంటే ఆ ఫీల్డుకి టూస్ట్రింగ్‌సీరియలైజర్ పెడితే సరిపోతుంది. ఈ రోజే 19 అంకెల ఐడీతో ఒక రికార్డు సృష్టించి, తెరిచి చూడండి.

తర్వాత తేదీలు. కన్సోల్‌లో 2025-08-15 అని స్ట్రింగ్ ఇచ్చి డేట్ ఆబ్జెక్ట్ చేయండి. జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచమంతా ఒకటే ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది 15వ తేదీ ఉదయం 5:30. డాలస్‌లో ఉన్న మన వాళ్లకి 14వ తేదీ సాయంత్రం 7 గంటలు. అంటే అక్కడ పుట్టినరోజు ఒక రోజు ముందటి తేదీగా కనిపిస్తుంది. పుట్టిన తేదీ లాంటివి జావాలో లోకల్‌డేట్‌గా (సమయం, జోన్ లేని ఉత్త తేదీ) ఉంచి, బ్రౌజర్‌లో డేట్‌గా మార్చకుండా స్ట్రింగ్‌గానే చూపించండి. పేమెంట్ జరిగిన సమయం లాంటివి యూటీసీలో, చివర జోన్ గుర్తుతో సహా పంపండి. మీ లాప్‌టాప్ టైమ్‌జోన్ అమెరికాకి మార్చి ఒకసారి యాప్ అంతా తిరిగి చూడండి, ఐదు నిమిషాల పని.

డబ్బు డబుల్‌లో (దశాంశాలని ఉజ్జాయింపుగా దాచే టైపు) వద్దు. 0.1కి 0.2 కలిపితే జావాలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ 0.30000000000000004 వస్తుంది. పైసల్లో పూర్ణాంకంగా పంపండి, లేదా స్ట్రింగ్‌గా పంపి సర్వర్‌లో బిగ్‌డెసిమల్ (దశాంశాలని కచ్చితంగా దాచే టైపు) చేసుకోండి.

చాలామంది గమనించనిది బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే ఉండే) ఫీల్డుల పేర్లు. జావాలో ఈజ్‌యాక్టివ్ అనే బూలియన్ ఫీల్డు, దానికి అదే పేరుతో గెటర్ (విలువ చదివి ఇచ్చే మెథడ్) ఉంటే, జేసన్‌లో జాక్సన్ దాన్ని ఉత్త ‘యాక్టివ్’ అని రాస్తుంది. క్లయింట్ ఈజ్‌యాక్టివ్ అని పంపితే ఆ పేరు సర్వర్‌కి తెలియదు. జావా సర్వర్ ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ మామూలు సెట్టింగ్‌లో తెలియని పేర్లని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. విలువ రాలేదు కాబట్టి ఫాల్స్‌గా మిగిలిపోతుంది. జేసన్‌ప్రాపర్టీ అనే అనోటేషన్‌తో పేరు మీరే కట్టేయండి. టెస్టుల వరకైనా తెలియని పేరు వస్తే ఎర్రర్ ఇచ్చేలా ఆ సెట్టింగ్ మార్చండి.

ఫీల్డు అసలు రాకపోవడానికీ, నల్ (ఖాళీ విలువ) అని రావడానికీ తేడా ఉంది. ప్రొఫైల్ పేజీ ఫోన్ నంబర్ ఒక్కటే పంపితే, మిగతావన్నీ నల్ అయ్యి డేటాబేస్‌లో అడ్రస్ చెరిగిపోవచ్చు. దీన్ని ఒకసారి చేత్తో పరీక్షించండి.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. డేటాబేస్ ఎంటిటీని (టేబుల్‌కి అద్దంలా ఉండే క్లాసు) నేరుగా పంపకండి, నేరుగా తీసుకోకండి. పంపితే పాస్‌వర్డ్ హ్యాష్ కూడా వెళ్లిపోవచ్చు. తీసుకుంటే ఎవరో జేసన్‌లో రోల్ అనే ఫీల్డు చేర్చి అడ్మిన్ అయిపోవచ్చు. ప్రతి రిక్వెస్టుకీ అవసరమైన ఫీల్డులే ఉన్న చిన్న డీటీఓ (డేటా అటూ ఇటూ మోయడానికే ఉండే) క్లాసు రాయండి. విసుగు పనే, అయినా రాయండి. జాక్సన్‌లో డిఫాల్ట్ టైపింగ్ (జేసన్‌లో రాసిన క్లాసు పేరుని బట్టి ఆబ్జెక్ట్ సృష్టించే సెట్టింగ్) ఆన్ చేసి ఉందేమో వెతకండి. ఏ క్లాసు సృష్టించాలో బయటివాడు చెప్పే వీలు ఉండకూడదు. బయటినుంచి వచ్చిన బైట్లని ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌తో (బైట్లని నేరుగా జావా ఆబ్జెక్టులుగా మార్చే క్లాసు) చదివే పాత కోడ్ ఎక్కడైనా మిగిలి ఉంటే, తీసేసేదాకా రిలీజ్ ఆపమనే చెప్తాను. చదివేటప్పుడే అవతలివాడి కోడ్ నడిచే దారి అది.

ఇక రిలీజ్ రాత్రి సంగతి. సర్వర్ మారినా, సాయంత్రం నుంచి ట్యాబ్ మూయని యూజర్ బ్రౌజర్‌లో పాత జావాస్క్రిప్టే నడుస్తుంటుంది. అందుకని ఫీల్డు పేరు మార్చాల్సి వస్తే, కొత్త పేరు చేర్చి పాతదాన్నీ ఉంచండి. పాత పేరుతో రిక్వెస్టులు రావడం పూర్తిగా ఆగిందని లాగ్‌లో చూశాకే దాన్ని తీసేయండి.