వలంటీర్ పని సరిగా జరగడం లేదా? రిజిస్టర్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

శనివారం సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పాల్సిన వలంటీర్ మూడు వారాలుగా ఆలస్యంగా వస్తున్నాడు. ఇన్‌ఛార్జి రిజిస్టర్‌లో "బాధ్యత లేదు" అని రాసి ఊరుకున్నారు. రేపు కమిటీ కూర్చున్నప్పుడు అతను "నేనెప్పుడూ టైముకే వచ్చాను" అంటే ఆ రెండు ముక్కలూ ఎందుకూ కొరగావు. అదే సంగతి ఇలా రాసి ఉంటే:

"2025 జులై 12, శనివారం. క్లాసు 5:00కి. వచ్చింది 5:25కి. ముందుగా ఫోన్ గానీ మెసేజ్ గానీ లేదు. 14 మంది పిల్లలు వరండాలో ఉన్నారు. 5:10 నుంచి పక్క గది వలంటీర్ రెండు గ్రూపులనూ చూసుకున్నారు. అడిగితే బస్సు దొరకలేదన్నారు."

ఇందులో తిట్టు లేదు, కాదనడానికి సందు కూడా లేదు. గదిలో కెమెరా ఉంటే అందులో పడేదే రాయాలి. నిర్లక్ష్యం, పొగరు, కావాలని, ఎప్పుడూ ఇంతే అనే మాటలు ఏ కెమెరాకీ చిక్కవు, కొట్టేయండి. పిల్లలకు కలిగిన ఇబ్బందిని మాత్రం వదలొద్దు. ఆలస్యం ఎందుకు తప్పయిందో చెప్పేది అదే.

అసలు అతనికి ఏం చెప్పారో ముందు చూసుకోండి. ఎన్నింటికి రావాలి, రాలేకపోతే ఎన్ని గంటల ముందు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఒక కాగితం మీద రాసి చేరినరోజే ఇవ్వకపోతే, సగం తప్పు మనదే.

రాయడం అదే రోజు అయిపోవాలి. మర్చిపోయి సోమవారం రాస్తే "జులై 14న రాస్తున్నాను, 12వ తేదీ సంగతి" అని పెట్టండి. పాత తేదీ వేశారని ఒక్కచోట తేలినా మిగతా పేజీలనూ ఎవరూ నమ్మరు. పేజీలకు నంబర్లు ఉండాలి. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. విన్న మాటైతే ఎవరు, ఎప్పుడు చెప్పారో వాళ్ల మాటల్లోనే రాయండి.

ఎక్కువ మంది జారేది ఇక్కడ: నచ్చనివాళ్ల ఆలస్యం రిజిస్టర్‌కెక్కుతుంది, మనవాడిది ఎక్కదు. ఆ రోజు ముగ్గురు ఆలస్యమైతే ముగ్గురిదీ రాయాలి.

వారంలోపు అతన్ని విడిగా కూర్చోబెట్టి ఎంట్రీ చదివి వినిపించండి. జవాబు అతని చేత్తోనే రాయించండి. సంతకం పక్కన "చదివాను" అని చాలు, "ఒప్పుకుంటున్నాను" అని అడగొద్దు. పెట్టనంటే ఆ మాటే తేదీతో రాసి, సాక్షి సంతకం తీసుకోండి. వీటిలో ఏదీ వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.

కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్లలో ఇంకో చిక్కుంది. సర్టిఫికెట్‌కు రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం కావాలి. ప్రవర్తన బాగాలేదని చేసిన గంటలు కోసేయడం మాకైతే సరికాదనిపిస్తుంది. గంటలు హాజరు లెక్క. ప్రవర్తనకు వేరే పేజీ ఉండాలి.

ఒక్క విషయానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. పిల్లల ఒంటి మీద చెయ్యి వేశాడనో, రాత్రిళ్లు అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నాడనో తెలిస్తే రిజిస్టర్‌లో ఇంకో ఎంట్రీ పడేదాకా ఆగకండి. ముందు అతన్ని పిల్లలకు దూరం చేయండి. లైంగిక నేరమన్న అనుమానం ఉన్నా 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మీరే విచారణ పెట్టి బిడ్డను మళ్లీ మళ్లీ అడగొద్దు. తానుగా చెప్పిన మాటలను ఉన్నవున్నట్టు టైముతో రాసి, తాళం వేసిన చోట ఉంచండి.

మామూలు సమస్యలకు గడువు కూడా రిజిస్టర్‌లోనే పెట్టాలి. జులై 19న మాట్లాడి నాలుగు శనివారాలు చూద్దామనుకుంటే, నాలుగోది ఆగస్టు 16. ఆ రోజు పేజీ తెరిచి "జులై 26, ఆగస్టు 2, 9, 16 తేదీల్లో 5:00లోపే వచ్చారు. ఈ విషయం ఇంతటితో ముగిసింది" అని రాసి, కింద గీత గీసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి.