మాచు పిచ్చుకు కాలినడక – నాలుగో పాఠం: దిగడం

పెరూ కొండల్లో ఇంకాలు కట్టిన పాత నగరం మాచు పిచ్చుకు నడిచి వెళ్లాలంటే ఇక్కడ ఎలా సాధన చేయాలో చెప్పే పాఠాలివి. ఈసారి ఎత్తుల మీద ఊపిరి గురించి రాద్దామనుకున్నాను. మీరు పంపిన మెసేజ్‌లు చూశాక పాఠం మార్చాను.

ఐదు కిలోల బరువుతో అలిపిరి మెట్లు ఎక్కమన్నాను కదా. చాలామంది ఎక్కారు, సంతోషం. కానీ "అక్కా, రెండున్నర గంటల్లో ఎక్కేశా, బస్సులో దిగొచ్చేశా" అన్నవాళ్లే ఎక్కువ. ఇద్దరైతే బ్యాగును కింద లగేజీ కౌంటర్లో ఇచ్చి పైన తీసుకున్నారట. వీపు మీద బరువు లేని ఎక్కడం లెక్కలోకి రాదు, మళ్లీ ఎక్కండి. నడిచి దిగిన నలుగురు మాత్రం మరుసటి రోజు కుర్చీలోంచి లేవాలన్నా గోడ పట్టుకున్నామన్నారు. దిగడం గురించి నేను ఒక్క ముక్కా చెప్పలేదు. ఆ తప్పు నాది.

తిరుపతి వాళ్లకు ఎక్కడం చిన్నప్పటి నుంచీ అలవాటే. దిగడానికి బస్సు ఉంది. పెరూలో బస్సు మాచు పిచ్చు చేరాకే!

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును పట్టి ఆపాలి. అలవాటు లేకుండా ఆ పని చేయిస్తే లోపల సన్నగా దెబ్బతింటుంది. నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది.

ఇప్పుడు మాచు పిచ్చుకు నడిచి వెళ్లే ఇంకాల దారిలో చూడండి. మొత్తం సుమారు 42 కిలోమీటర్లు, నాలుగు రోజులు. రెండో రోజు 4,215 మీటర్ల ఎత్తున్న వార్మివాన్యుస్క కనుమ ఎక్కుతారు. అందరి టెన్షన్ దాని గురించే. ఎక్కిన పూటే పకాయ్‌మాయో అనే మజిలీ దాకా 600 మీటర్లు రాతిమెట్ల మీద దిగాలి. ఆ నొప్పి సరిగ్గా మూడో రోజుకి బయటపడుతుంది. ఆ రోజే ఫుయుపటమర్క అనే ఇంకా శిథిలాల నుంచి విన్యాయ్ వాయ్నా అనే మరో శిథిలాల చోటు వరకు దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. అలిపిరి మెట్లలా సమంగా ఉండవు, ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. నాలుగో రోజు తెల్లవారుజామున మాచు పిచ్చుకు పైన ఉండే సూర్యద్వారం దగ్గర నిలబడి మాచు పిచ్చును మొదటిసారి చూసేటప్పుడు మనసంతా కాళ్ల మీదే ఉంటే, అంత దూరం వెళ్లి ఏం లాభం?

ధైర్యం ఇచ్చే సంగతి ఒకటుంది. ఒకసారి ఈ నొప్పి పడి కోలుకున్న కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అందుకే ఇక్కడే, ఇప్పుడే పడమంటున్నాను.

దిగే తీరు: చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచే ఉంచాలి, పాదం చప్పుడు కాకూడదు. ఎత్తు మెట్టయితే పక్కకు తిరిగి దిగండి. చేతికర్రలు ఎక్కేటప్పటికన్నా కొంచెం పొడుగు పెట్టుకోండి. ఆ దారిలో కర్ర మొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి. గోళ్లు కత్తిరించుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

బూట్లతో స్వామివారి మెట్లు దిగమని నేను చెప్పను. నేనూ దిగను. బూట్ల అలవాటు మేడమెట్ల మీద చేసుకోండి. చీలమండ దగ్గర లేసు బిగిస్తే వేళ్లు ముందుకు గుద్దుకోవు.

సాధన: శనివారం ఐదు కిలోల బియ్యం మూటతో అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కి, నడిచే దిగండి. ఆదివారం బరువు లేకుండా శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు, పైకీ కిందికీ. దారి తెరిచి ఉండే వేళల్లో, పొద్దున్నే. సోమవారం ఇంట్లో పది అంతస్తుల లెక్కకు మెట్లు దిగండి, నొప్పి ఉన్నా సరే. తర్వాత ఐదు రోజులు విశ్రాంతి.

నొప్పి తొడ ముందు ఉందో, మోకాలి లోపల ఉందో గమనించి నాకు రాయండి. తొడదైతే భయం లేదు. మోకాలి లోపల పోటు వస్తే అక్కడే ఆపి, ఎముకల డాక్టరుకు చూపించాకే ఐదో పాఠానికి రండి.