కథ బాగుంది, ముగింపే అతకలేదు: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ముగింపు చెడిందని చివరి పేరాని పదిసార్లు తిరగరాస్తాం. అసలు తప్పు చాలాసార్లు ముందు పేజీల్లో ఉంటుంది.

సమస్య: "చివర్లో అలా ఎలా జరిగింది? నమ్మబుద్ధి కాలేదు" అంటున్నారు

కారణం: చిక్కుముడిని పాత్ర విప్పలేదు, అదృష్టం విప్పింది. ప్రాచీన గ్రీకు నాటకాల్లో కథ ఎటూ తేలకపోతే దేవుడి వేషగాణ్ణి క్రేన్ లాంటి యంత్రంతో పైనుంచి దించేవారు. ముడి కథలోంచే విడిపోవాలి గానీ యంత్రంతో కాదని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తప్పుపట్టాడు. మనం దేవుణ్ణి దించం, యాక్సిడెంట్‌ని దించుతాం. అంతే తేడా.

ఉదాహరణకి, అన్నదమ్ములకి పదేళ్లుగా మాటల్లేవు. చివరి పేజీలో తమ్ముడికి యాక్సిడెంట్, ఆసుపత్రిలో అన్న కన్నీళ్లు, ఇద్దరూ కలిసిపోయారు. ఇది ముగింపు కాదు, తప్పించుకోవడం.

పరిష్కారం: అన్న ఆఖరికి ఏం చేస్తాడో ముందు తేల్చుకుని, ఆ పని చేయగల మనిషేనని తెలిసేలా వెనక్కి వెళ్లి రెండు చోట్ల గుర్తు పెట్టండి. మొదటి పేజీలో తమ్ముడి పేరు వినగానే అన్న టీవీ సౌండ్ పెంచుతాడు. మధ్యలో కొత్త ఫోన్ కొన్నప్పుడు ఆ ఒక్క నంబర్ మాత్రం కాగితం మీద రాసి పెట్టుకుంటాడు. ఎందుకో చెప్పకండి, వాక్యం అక్కడే ఆపేయండి. చివర్లో టీవీ కట్టేసి తనే ఫోన్ చేస్తాడు. పాఠకుడు ఊహించి ఉండడు, కానీ వెనక్కి తిరిగి చూస్తే ఇంకోలా జరగదనిపిస్తుంది.

యాక్సిడెంట్ లేకపోతే కుదరదంటారా? మొదటి పేజీకి మార్చండి. యాదృచ్ఛికం చిక్కు తెస్తే పాఠకుడు ఒప్పుకుంటాడు, చిక్కు తీరిస్తే ఒప్పుకోడు.

సమస్య: ముగింపు ముందే తెలిసిపోతోంది

గుర్తులు మరీ గట్టిగా మోగుతున్నాయి. కాగితం సంగతి మూడోసారి కూడా చెప్పారేమో చూడండి. ఒకటి కొట్టేయండి.

సమస్య: కథ అయిపోయాక కూడా సాగుతోంది

చివరి పేరాని చేత్తో మూసి చదవండి. లోటు తెలియకపోతే అది అక్కర్లేదు. నా అనుభవంలో పదిలో ఏడుసార్లు అక్కర్లేదు. రాసేటప్పుడు మాత్రం అదే అన్నిటికన్నా గొప్ప పేరా అనిపిస్తుంది!

సమస్య: రెండు ముగింపులు తోస్తున్నాయి, ఏది ఉంచాలో తేలట్లేదు

కారణం: కథ ఏ ప్రశ్న అడుగుతోందో మీకే ఇంకా స్పష్టంగా లేదు. మొదటి పేజీ మళ్లీ చదివి ఆ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. "తమ్ముడు క్షమిస్తాడా?" అయితే ఫోన్ అవతల అతని గొంతు వినిపించాలి. "అన్న అహం వదులుకుంటాడా?" అయితే రింగ్ అవుతుండగానే కథ ఆపేయొచ్చు, తమ్ముడు ఫోన్ ఎత్తినా ఎత్తకపోయినా.