హైదరాబాద్ గుండ్ల మీద అరుదైన తరహా ప్రాబ్లమ్‌లకు గ్రేడు ఇవ్వడం

తాడు లేకుండా గుండ్లెక్కే బౌల్డరింగ్‌లో ఒక్కో ఎక్కే దారిని ప్రాబ్లమ్ అంటారు. దాని కష్టాన్ని చెప్పే గ్రేడు కోసం మనం వాడే వి స్కేలు (సంఖ్య పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది) అమెరికాలోని హ్యూకో ట్యాంక్స్‌లో పుట్టి, జాన్ షెర్మన్ రాసిన 1991 నాటి గైడుబుక్కు ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ వాలుగా ముందుకు పొడుచుకొచ్చిన రాతి మీద వేళ్ల బలానికే పని ఎక్కువ. హైదరాబాద్‌లోని ఖాజాగూడలో పరిస్థితి వేరు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి మన గ్రానైట్ ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి గుండ్రబడినందువల్ల, పట్టు దొరకని స్లాబ్‌లూ (వెనక్కి వాలిన నున్నటి రాతి ముఖాలు) అంచు లేని శిఖరాలూ ఎక్కువగా కనిపిస్తాయి. జిమ్ గోడ మీద వి5 ఎక్కేవారు ఇక్కడ వి2 స్లాబ్ మీద జారిపోవడం వింతేమీ కాదు.

కాబట్టి గ్రేడు ఆలోచించే ముందు, మనల్ని ఆపుతున్నది వేళ్ల బలమా, కాలి పట్టా, సమతూకమా, చేతి నిడివా, భయమా అన్నది తేల్చుకోవాలి. ఆ తర్వాత అదే తరహా ప్రాబ్లమ్‌లతోనే పోల్చాలి. పోలికకు ఎంచుకున్న గుండు క్వారీకో కట్టడానికో బలైపోతే కొలబద్దే పోతుంది. అందుకే కొలబద్దలుగా ఒకటికి మించి గుండ్లను, అదీ వేర్వేరు చోట్ల, పెట్టుకోవడం మంచిది. ఇక్కడి రాళ్లను కాపాడడానికి 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ చేస్తున్న కృషి ఈ కోణంలోనూ మనకు అత్యంత విలువైనదని నా అభిప్రాయం.

స్లాబ్ విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. మే నెల మధ్యాహ్నం బూటు రబ్బరు మెత్తబడి, చేతులు చెమట పట్టి కష్టమనిపించినదాన్ని గ్రేడులో కలపకూడదు. చలికాలపు ఉదయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. అడుగుల వరుస కనిపెట్టడానికి పట్టిన శ్రమనూ లెక్కలోకి తీసుకోరాదు, ఎందుకంటే గ్రేడు అన్నిటికన్నా సులువైన వరుసకే వర్తిస్తుంది. అయితే అదే స్లాబ్‌ను పదేపదే ఎక్కినవారికి అది తేలికైపోతుంది గనుక, స్లాబ్‌లు బాగా తెలిసి, ఆ ఒక్క ప్రాబ్లమ్ మాత్రం కొత్తయినవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

మాంటెల్‌ను, అంటే అంచు మీద చేతులతో నొక్కి పైకి లేచే కదలికను, చాలామంది చిన్నచూపు చూస్తారు. కింది కదలికలకు గ్రేడు వేసి, గుండ్రటి శిఖరం మీదికి ఒళ్లంతా నెట్టుకుని లేవడాన్ని వదిలేస్తారు. ఇక్కడ అసలు కష్టం తరచుగా అక్కడే ఉంటుంది. పైకెక్కి నిలబడనంతవరకు ప్రాబ్లమ్ పూర్తయినట్టు కాదు.

ఎగిరి పట్టు అందుకునే డైనోకు ఒక్కటే గ్రేడు ఇచ్చి, పొట్టివారికి కష్టతరమని పక్కనే రాస్తే చాలు. రాతి వెంట పక్కకు సాగే ట్రావర్స్‌లో అలసటే ప్రధానం. ఫ్రాన్స్‌లోని బౌల్డరింగ్ ప్రాంతం ఫాంటెన్‌బ్లోలో ట్రావర్స్‌లకు వేరే కొలమానమే ఉంది. హైబాల్ (బాగా ఎత్తైన ప్రాబ్లమ్) ఎత్తునూ, పడితే కలిగే ప్రమాదాన్నీ వి సంఖ్యలో ఇరికించకుండా విడిగా, స్పష్టంగా హెచ్చరించాలి.

ఎక్కినవారు ఇద్దరు ముగ్గురే అయితే వి3–వి4 అన్నట్టుగా తాత్కాలికంగా రాసి ఉంచాలి. కూర్చుని మొదలుపెట్టడానికీ నిలబడి మొదలుపెట్టడానికీ వేర్వేరు గ్రేడులు ఇవ్వాలి. ఎప్పుడైనా రాతి పెచ్చు ఊడిపోతే పాత గ్రేడును కొట్టివేసి, మళ్లీ ఎక్కి చూశాకే కొత్తది నిర్ణయించాలి.