మీ కంప్యూటర్ ఏ డీఎన్ఎస్‌ని అడుగుతోందో ఇలా చూడండి
నెట్ వస్తుంటుంది, సైట్లు మాత్రం తెరుచుకోవు. కడప ఏడురోడ్ల దగ్గర నెట్ సెంటర్ నడిపే మా బావకి రోజూ వినపడే గోడు ఇదే, ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది డీఎన్ఎస్, అంటే మనం కొట్టిన సైటు పేరుకి దాని ఐపీ నంబరు వెతికిపెట్టే సర్వర్. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్ /ఆల్' (ipconfig /all) అని, ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి, కొట్టండి. చాంతాడంత లిస్టు వస్తుంది, కంగారు పడకుండా మీరు వాడేది వైఫై అయితే ఆ భాగంలోనే 'డీఎన్ఎస్ సర్వర్స్' లైను వెతకండి. 8.8.8.8 ఉంటే గూగుల్‌ది, 1.1.1.1 అయితే క్లౌడ్‌ఫ్లేర్‌ది. 192.168.1.1 లాంటిది కనిపిస్తే అది మామూలుగా మీ రౌటరే, అది మళ్లీ ఎవరిని అడుగుతోందో తెలియాలంటే రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లాల్సిందే. ఉబుంటులో అయితే టెర్మినల్‌లో 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' (resolvectl status) అని కొడితే చాలు. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉంటే మాత్రం అది వీటన్నిటినీ పక్కనపెట్టి తన దారిన పోవచ్చు, ఆ సెట్టింగూ ఓసారి చూడండి.