తలుపు కనబడేలా కూర్చోబెట్టండి: మాజీ సైనికులతో మైండ్‌ఫుల్‌నెస్ గ్రూపు నడిపే పద్ధతి

ముందు కుర్చీల సంగతి చూడండి, ధ్యానం సంగతి తర్వాత. ఇరాక్‌లోనో అఫ్గానిస్తాన్‌లోనో యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లలో చాలామంది తలుపుకు వీపు పెట్టి కూర్చోలేరు. గుండ్రంగా కుర్చీలు వేస్తే సగం మంది వీపు తలుపు వైపే ఉంటుంది. అందుకే నేను గోడకు ఆనించి, సగం వలయంలా వేస్తాను. తలుపు పక్కన ఒకటి రెండు కుర్చీలు ఖాళీగా ఉంచుతాను. మధ్యలో లేచి బయటికి వెళ్లాలనిపిస్తే ఎవరి కాళ్లూ దాటక్కర్లేకుండా వెళ్లొచ్చు. లైట్లు ఆర్పను, గంట కొట్టను. పక్క గదిలో ఎవరైనా సామాను జరుపుతుంటే ముందే చెప్పేస్తాను: "కాసేపట్లో చప్పుడు వస్తుంది, ఫర్నిచర్ జరుపుతున్నారు."

నేను అమెరికాలో మాజీ సైనికులు వచ్చే ఒక క్లినిక్‌లో నర్సుని. ఓపియాయిడ్లకు, అంటే నల్లమందు జాతి నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటివాటికి, అలవాటుపడ్డవాళ్లకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పే గ్రూపు నడుపుతాను. ఇప్పుడు ఒంట్లో, మనసులో, చుట్టూ ఏం జరుగుతోందో తప్పొప్పులు ఎంచకుండా గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. ఇలాంటి గ్రూపు ఎలా నడపాలని ఈ పనిలోకి వస్తున్న మన నర్సులూ కౌన్సెలర్లూ తరచుగా అడుగుతుంటారు, అందుకే ఇది రాస్తున్నాను. మనకు ధ్యానం అనగానే కళ్లు మూసుకోవడం, వెన్ను నిటారుగా పెట్టడం, శ్వాస మీద ధ్యాస గుర్తొస్తాయి. ఈ గ్రూపులో మొదటి వారం ఆ మూడింటి మీదా పట్టుబట్టకూడదు.

అంతకంటే ముందు మందుల విషయం తేల్చుకోవాలి. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ వాడుతున్నవాళ్లు వాటిని ఆపి "సహజంగా" బాగుపడటానికి రాకూడదు. అలా అనుకుని వచ్చేవాళ్లు ఉంటారు, ఇంట్లోవాళ్లు ఎగదోస్తారు కూడా. ధ్యానం మందుకు తోడే గానీ బదులు కాదని మొదటి రోజే చెప్పండి, మళ్లీ మళ్లీ చెప్పండి. ఓపియాయిడ్లు కొన్నాళ్లు మానేస్తే ఒంటికి వాటిని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఆ స్థితిలో పాత మోతాదే మళ్లీ తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. మోతాదు మించి శ్వాస ఆగిపోతున్నప్పుడు విరుగుడుగా కొట్టే నాలొక్సోన్ ముక్కు స్ప్రే గదిలో ఉండాలి, వాళ్ల ఇళ్లలో ఉండాలి, ఇంట్లోవాళ్లకు వాడటం తెలియాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే 988కి ఫోన్ చేసి 1 నొక్కమని చెప్పండి. అది మాజీ సైనికుల కోసమే ఉన్న లైను.

ఇక అభ్యాసం. మొదటిసారి మూడు నిమిషాలు దాటనివ్వకండి. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు నేల మీదో ఎదుటి గోడ మీదో. "రిలాక్స్ అవ్వండి" అని మాత్రం అనకండి. కాపలా వదిలెయ్యమని చెప్పినట్టు వినబడుతుంది వాళ్లకి, కాపలా వదిలిన రోజే స్నేహితుడు పోయి ఉండొచ్చు. నేను ఇలా మొదలుపెడతాను: "అరికాళ్లు నేలకు ఎక్కడ తగులుతున్నాయో చూడండి. మడమ దగ్గరా? వేళ్ల దగ్గరా?" ధ్యాస నిలపడానికి అరికాళ్లు, అరచేతులు, గదిలోని చప్పుళ్లు, శ్వాస అని నాలుగు చోట్లు చూపిస్తాను, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకుంటారు. శ్వాస చివర్న చెప్పడానికి కారణం ఉంది. పానిక్ వచ్చే మనిషికి ఛాతీ మీద ధ్యాస పెడితే ఊపిరి ఇంకా బిగుసుకోవచ్చు.

ఒంట్లో ఒక్కో భాగాన్నీ గమనిస్తూ పోయే బాడీ స్కాన్‌ను తొందరపడి పెట్టొద్దు. కాలు పోయినవాళ్లకు లేని కాలే నొప్పెట్టొచ్చు. సైన్యంలో లైంగిక దాడికి గురైనవాళ్లు, ఆడవాళ్లే కాదు మగవాళ్లూ ఉంటారు, నడుము దగ్గరికి వచ్చేసరికి కొయ్యబారిపోవచ్చు. "ఇష్టం లేని చోటు దాటేయండి, ఎందుకని ఎవరూ అడగరు" అని ముందే చెప్పండి.

మీరు మాత్రం కళ్లు మూసుకోకూడదు. అందరి ముఖాలూ చూస్తూ ఉండాలి. చూపు ఒకచోట అతుక్కుపోయినా, పిడికిళ్లు బిగిసినా, ఊపిరి పైపైనే ఆడుతున్నా ఆ మనిషి గదిలో లేడన్నమాట. ముట్టుకోకండి. మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. గోడ ఏ రంగో, కిటికీలో ఏం కనబడుతోందో అడగండి. చల్లటి నీళ్ల సీసా చేతికివ్వండి, లేచి నాలుగడుగులు వెయ్యమనండి. అలా తిరిగొచ్చిన మనిషిని అందరి ముందూ "ఏం గుర్తొచ్చింది?" అని అడగడం పెద్ద తప్పు. గాయాన్ని తవ్వి నయం చేసే చికిత్సలు వేరే ఉన్నాయి, వాటికి శిక్షణ పొందిన థెరపిస్టులూ ఉన్నారు. మన పని అది కాదు.

నా దృష్టిలో ఈ శిక్షణకు ప్రాణం క్రేవింగ్‌తో, అంటే మాత్ర కావాలని గుంజే కోరికతో, కూర్చోవడం. క్రేవింగ్ అల లాంటిదని, దాన్ని అణచకుండా, దానికి లొంగకుండా దాని మీద తేలాలని చెప్పినవాడు అలన్ మార్లట్ అనే సైకాలజిస్టు. ఆచరణలో ఇలా చేయిస్తాను. ఈ వారంలో వచ్చిన ఒక మోస్తరు క్రేవింగ్‌ను తలుచుకోమంటాను, పెద్దదాన్ని వద్దు. అది ఒంట్లో ఎక్కడుంది? దవడలోనా, కడుపులోనా, చేతివేళ్లలోనా? పెరుగుతోందా, నిలకడగా ఉందా? "మాత్ర కావాలి" అనే మాటను అలా వదిలేసి, ఆ బిగువును మాత్రమే చూడమంటాను. చాలామందికి అది కాసేపటికి తనంతట తనే తగ్గుతుంది. తగ్గడం ఒక్కసారి కళ్లారా చూసిన మనిషికి మనం వేరే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. తగ్గకపోతే లేచి నడవమంటాను, స్పాన్సర్‌కో (వ్యసనం నుంచి తను ముందే బయటపడి వీళ్లకు తోడుగా నిలిచే మనిషి) స్నేహితుడికో ఫోన్ చెయ్యమంటాను. అదీ అభ్యాసమే.

నొప్పికి డాక్టరు రాసిన ఓపియాయిడ్ మాత్రలు ఇంకా వాడుతున్నవాళ్ల పద్ధతి కొంచెం వేరు. ఎరిక్ గార్లండ్ అనే పరిశోధకుడు రూపొందించిన మోర్ (MORE) అనే 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమంలో మాత్ర వేసుకునే ముందు మూడు నిమిషాలు శ్వాసను గమనించమంటారు. ఇప్పుడు మాత్ర అడుగుతున్నది నొప్పా, క్రేవింగా, లేక టెన్షనా? నొప్పే అయితే దాన్ని విడదీయాలి: వేడి ఎంత, లాగుడు ఎంత, పోటు ఎంత, దాని అంచు ఎక్కడ, మధ్యలో ఏమీ అనిపించని చోటు ఉందా? ఆ మూడు నిమిషాల తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మాత్ర వేసుకున్నా తప్పు లేదు. మాత్ర కోసం వెళ్లే చెయ్యి తనంతట తను వెళ్లకుండా ఉండటమే కావలసింది. మోతాదు తగ్గించడం డాక్టరు పని, సొంతంగా చెయ్యొద్దు.

2024లో అచ్చయిన ఒక పరిశోధనలో, దీర్ఘకాలం నొప్పి మాత్రలు వాడుతున్న 230 మంది మాజీ సైనికులు, సైనికుల మీద ఈ కార్యక్రమాన్ని పరీక్షించారు. ఇది నేర్చుకున్నవాళ్ల మోతాదు సుమారు 21 శాతం తగ్గింది, మామూలు సపోర్ట్ గ్రూపులో ఉన్నవాళ్లది 4 శాతం దగ్గరే ఆగింది. ఇది తక్కువేం కాదు. అలాగని "8 వారాల్లో విముక్తి" అని పోస్టర్ వేసుకునేంతా కాదు.

అదే కార్యక్రమంలో ఇంకో భాగం ఉంది, గ్రూపులో మొదట నవ్వేది దానికే. మంచిదాన్ని ఆస్వాదించడం నేర్పిస్తారు. పూవునో సూర్యాస్తమయాన్నో చూస్తూ, రంగు, వాసన, దాంతో ఒంట్లో పుట్టే కాస్త హాయి గమనించాలి. యుద్ధం చూసొచ్చిన మనిషి చేతికి పూవు ఇస్తే నవ్వడా మరి! నవ్వనివ్వండి, నవ్వడం కూడా హాయే. కానీ వదిలెయ్యకండి. ఓపియాయిడ్లు ఎక్కువకాలం వాడితే మామూలు సంతోషాలు చప్పబడిపోతాయి, ఆ చప్పదనం మళ్లీ మాత్ర వైపే నెడుతుంది. పూవు వద్దంటే కుక్క మెడ నిమరడం, బండి ఇంజను మొదటిసారి సాఫీగా అందుకున్న చప్పుడు, ఏదైనా పనికొస్తుంది.

ఇంట్లో రోజుకు పదిహేను నిమిషాలు చాలు, ఒకేసారి కూర్చోలేకపోతే ముక్కలు చేసుకోవచ్చు. మాజీ సైనికుల శాఖవాళ్ల మైండ్‌ఫుల్‌నెస్ కోచ్ యాప్ ఉచితం. రాత్రి పీడకలతో లేచిన వేళ కొత్త అభ్యాసం మొదలుపెట్టమనకండి. లైటు వెయ్యడం, అరికాళ్లు నేలకు ఆనించడం, తను ఏ ఊళ్లో ఉన్నాడో, అది ఏ సంవత్సరమో పైకి చెప్పుకోవడం వరకే.

ఎవరైనా మధ్యలో మళ్లీ మత్తు కోసం ఓపియాయిడ్లు వాడితే గ్రూపు నుంచి తీసేయకండి. "ఎందుకు చేశావు?" అని అడిగితే సిగ్గే జవాబుగా వస్తుంది. "ముందు ఒంట్లో ఏం కనిపించింది? అప్పుడు ఎక్కడున్నావు?" అని అడగండి. వచ్చే వారం అభ్యాసానికి సరుకు అక్కడే దొరుకుతుంది. ఆ రోజే అతని డాక్టరుకు తెలిసేలా చూడండి.

సెషన్ అయిపోగానే గది ఖాళీ చేయించకండి. చివర్లో కాసేపు మామూలు మాటలకు వదలండి. ఎవరు కారు నడుపుకుంటూ వెళ్తున్నారో కనుక్కుని, కళ్లు ఇంకా ఎక్కడో ఉన్నవాళ్లను తేరుకునేదాకా కూర్చోబెట్టండి.